కలిసిన తమ్ముడు, కలవని చెల్లి: మూలకణ మార్పిడి దారిలో నా జన్యు పరీక్షలు

ఎముక మజ్జ పరీక్ష నివేదిక చేతికి వస్తే ఎవరైనా ముందు చూసేది బ్లాస్టు కణాల, అంటే రక్త క్యాన్సర్‌లో పేరుకునే ఎదగని కణాల, శాతం. నా చూపు మాత్రం మూడో పేజీలో జన్యుమార్పుల పట్టిక దగ్గర ఆగిపోయింది. ఒకే జన్యువు పేరు రెండు వరుసల్లో ఉంది: డీడీఎక్స్41. మొదటి వరుసకు ఎదురుగా 49 శాతం, రెండో దానికి ఎదురుగా 11 శాతం. ఉద్యోగకాలమంతా పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. సగానికి అంత దగ్గరగా వచ్చిన అంకెను చూస్తే అది ఊరికే వచ్చి ఉండదని నాకు అనుమానం కలుగుతుంది.

డాక్టరును అదే అడిగాను. ఆయన నివేదికను మళ్లీ చేతిలోకి తీసుకుని చెప్పారు. ఆ చోట చదివిన డీఎన్‌ఏ ముక్కల్లో ఎన్నింటిలో మార్పు కనిపించిందో ఆ శాతం చెబుతుంది. క్యాన్సర్ కణాల్లో మాత్రమే పుట్టిన మార్పయితే ఆ కణాలు ఎన్ని ఉంటే అంత మేరకే కనబడుతుంది. చికిత్సతో తగ్గుతుంది, రోగం ముదిరితే పెరుగుతుంది. పుట్టుకతో వచ్చిందయితే శరీరంలోని ప్రతి కణంలోనూ, తల్లి నుంచి ఒకటి తండ్రి నుంచి ఒకటిగా వచ్చిన రెండు ప్రతుల్లో ఒకదానిలో ఉంటుంది. అంటే సగం. నా 49 ఆ కోవలోదై ఉండవచ్చని, 11 శాతం ఉన్నది నడివయసు దాటాక మజ్జలో కొత్తగా పుట్టినదై ఉండవచ్చని ఆయన అన్నారు. ఒక ప్రతి పుట్టుకతోనే దెబ్బతిని ఉండడం, దశాబ్దాల తరువాత రెండో ప్రతి కూడా దెబ్బతినడం, అప్పుడు నాకు వచ్చిన ఈ రక్త క్యాన్సర్, అంటే అక్యూట్ మైలాయిడ్ ల్యుకేమియా, రావడం ఈ జన్యువు విషయంలో తరచుగా కనిపించే వరస అట. చాలామందికి యాభై, అరవై దాటేవరకు ఏ లక్షణమూ ఉండదు. అందుకే కుటుంబంలో రక్త క్యాన్సర్ ఉందా అని అడిగితే మా అందరిలాగే చాలామంది లేదనే చెబుతారు.

నాకు అప్పటికి 58 ఏళ్లు. మా ఇంట్లో ఎవరికీ ఈ జబ్బు లేదని ఆ ముందు వారమే ఫారంలో రాసి సంతకం పెట్టాను.

అనుమానం తేల్చడానికి రక్తం పనికిరాదు. నా రక్తంలోనే రోగం ఉంది. లాలాజలమూ పనికిరాదు, అందులోనూ తెల్లకణాలు చేరి ఉంటాయి. ముంజేతి దగ్గర చిన్న చర్మపు ముక్క తీసి, ప్రయోగశాలలో దానిలోని కణాలను పెంచి, ఆ కణాల డీఎన్‌ఏను చదవాలి. కణాలు పెరగడానికే వారాలు పడుతుంది. ఈలోగా కీమోథెరపీ మొదలైంది. దాని గురించి పెద్దగా చెప్పను. చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు, నాది వాళ్లకంటే భిన్నంగా ఏమీ జరగలేదు. మొదటి విడతకే మజ్జలో రోగకణాలు కనబడకుండా పోయాయి. అయినా అంతటితో ఆగితే తిరగబెట్టే ప్రమాదం ఉందని, మూలకణ మార్పిడికి, అంటే నా మజ్జ స్థానంలో పనిచేసేలా దాత రక్త మూలకణాలను ఎక్కించుకోవడానికి, సిద్ధం కమ్మని చెప్పారు.

తమ్ముడు, చెల్లి వచ్చి బుగ్గ లోపలి నుంచి నమూనాలు ఇచ్చి వెళ్లారు. ఆ నమూనాల్లో చూసేది హెచ్‌ఎల్‌ఏ జన్యువులను. ఆరో క్రోమోజోమ్ పొట్టి భుజం మీద గుంపుగా ఉండే ఈ జన్యువులు కణాల పైభాగాన నిలిచే ప్రోటీన్లను తయారు చేస్తాయి. మన రోగనిరోధక వ్యవస్థలోని టి కణాలు వాటిని తడిమి చూసి ఇది మనది, ఇది పరాయిది అని తేల్చుకుంటాయి. మనుషుల్లో ఇంతగా రకరకాలుగా ఉండే జన్యువులు మరెక్కడా లేవు. ఇప్పటికి నమోదైన హెచ్‌ఎల్‌ఏ రూపాలు 40 వేలకు పైనే. దాత ఎంపికలో సాధారణంగా ఐదు జన్యువులను, అంటే ఎ, బి, సి, డీఆర్‌బీ1, డీక్యూబీ1లను చూస్తారు. ఒక్కోదానికి రెండు ప్రతులు కనుక మొత్తం పది. పదికి పది కలిస్తే పూర్తి పొంతన.

అన్నీ ఒకే గుంపుగా ఉండడం వల్ల పిల్లలకు అవి దాదాపు ఎప్పుడూ కట్టగానే సంక్రమిస్తాయి. తల్లి దగ్గర రెండు కట్టలు, తండ్రి దగ్గర రెండు. ఏ ఇద్దరు తోబుట్టువులకయినా రెండు కట్టలూ కలిసే అవకాశం నాలుగింట ఒకటి, ఒకటే కలిసేది సగం, ఏదీ కలవకపోయేది మళ్లీ నాలుగింట ఒకటి. పదో తరగతి సంభావ్యత పాఠానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఫలితాలు వచ్చాయి. తమ్ముడికి పదికి పది. చెల్లికి సగం. తమ్ముడు ఆ పూటే ఆఫీసులో సెలవుకు అర్జీ పెట్టేశాడు. మరదలు ఫోను చేసి, "వదినా, ఇక మీరు దేనికీ దిగులు పడకండి" అంది. మూడు నాలుగు రోజులు మా ఇంట్లో పండుగ వాతావరణమే.

తరువాత చర్మపు నమూనా ఫలితం వచ్చింది. మార్పు అక్కడా ఉంది. పుట్టుకతో వచ్చినదే.

జన్యు సలహాదారు ఒక అమ్మాయి, వయసులో నా పాత విద్యార్థినులంత ఉంటుంది. తమ్ముడిని, చెల్లిని విడివిడిగా కూర్చోబెట్టి మాట్లాడింది. పరీక్ష చేయించుకోవడం వాళ్ల ఇష్టమని, చేయించుకుంటే వచ్చే ఫలితం నాకు దాత కాగలరా లేదా అన్న దానితో ఆగదని, వాళ్ల ఆరోగ్యం గురించి కూడా చెబుతుందని వివరించింది. ఇద్దరూ ఒప్పుకున్నారు. ఆ రోజుల్లో కాగితం మీద ఒక చిన్న లెక్క వేసుకున్నాను. డీడీఎక్స్41 ఉండేది ఐదో క్రోమోజోమ్ మీద, హెచ్‌ఎల్‌ఏ ఆరో దాని మీద. రెండింటికీ సంబంధం లేదు కాబట్టి, నాతో పూర్తిగా కలిసి, ఈ మార్పు లేకుండా ఉండే అవకాశం ఒక్కో తోబుట్టువుకు నాలుగింట ఒకటిని సగంతో హెచ్చవేస్తే వచ్చేంత, అంటే ఎనిమిదింట ఒకటి. ఇద్దరిలో కనీసం ఒకరయినా అలా ఉండే అవకాశం 64లో 15. నాలుగో వంతుకు కూడా తక్కువ. అంతకుముందు మేము చేసుకున్న పండుగ ఎంత తొందరపాటుదో ఆ భిన్నం చెప్పింది.

తమ్ముడికి మార్పు ఉంది. చెల్లికి లేదు.

అప్పుడు ఇంట్లో రేగిన వాదన నాకు బాగా గుర్తుంది. తమ్ముడికి 54 ఏళ్లు, నిక్షేపంగా ఉన్నాడు, రక్తపరీక్షలో అన్ని కణాలూ సరైన సంఖ్యలోనే ఉన్నాయి. మరి అతడి మూలకణాలు ఎందుకు పనికిరావు? మరదలికి ఇది అర్థం కాలేదు, అర్థమయ్యాక కోపం వచ్చింది. డాక్టరు చెప్పిన కారణం ఇది. మార్పిడి తరువాత నా మజ్జ మొత్తం దాత కణాలతో నడుస్తుంది. ఆ కొద్ది మూలకణాలు ఒక్కసారిగా విపరీతంగా విభజన చెంది కోట్ల కణాలను పుట్టించాలి. ఒక ప్రతి ముందే దెబ్బతిని ఉన్న కణాలకు ఆ శ్రమ పెడితే మజ్జ నెమ్మదిగా కోలుకోవచ్చు, కొన్నేళ్ల తరువాత దాత కణాల్లోనే మళ్లీ ల్యుకేమియా పుట్టవచ్చు. అలాంటి సంఘటనలు వైద్య సాహిత్యంలో నమోదయ్యాయి. అందుకే వంశపారంపర్య మార్పు ఉన్న రోగికి తోబుట్టువును దాతగా తీసుకునే ముందు ఆ మార్పు కోసం వెతకడం ఇప్పుడు పద్ధతి అయింది. ఈ జన్యువు ఒక్కటే కాదు, ఆర్‌యూఎన్‌ఎక్స్1, జీఏటీఏ2, సీఈబీపీఏ వంటివి కూడా ఈ జాబితాలో ఉన్నాయి. పాత రోజుల్లో ఈ పరీక్షే లేదు. పదికి పది కలిస్తే చాలనుకునేవారు.

తమ్ముడు ఏమీ అనలేదు. నాకోసం పరీక్షకు వచ్చినవాడు తన ఫైలు ఒకటి చేత పట్టుకుని తిరిగి వెళ్లాల్సి వచ్చింది. నా జబ్బు కబురు విన్ననాటి కంటే ఆ రోజే నాకు ఎక్కువ బాధ కలిగింది.

మిగిలిన దారులు మూడు. సగం కలిసిన చెల్లి, సగం కలిసిన మా అబ్బాయి, దాతల పేర్లు నమోదు చేసే ప్రపంచ రిజిస్ట్రీల్లో ఎక్కడో ఉండే పరాయి దాత. సగం పొంతనతో మార్పిడి ఒకప్పుడు చాలా ప్రమాదకరం. మార్పిడి అయిన మూడో, నాలుగో రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమోథెరపీ మందు ఇచ్చే పద్ధతిని అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్ వైద్యులు అభివృద్ధి చేశాక పరిస్థితి మారిపోయింది. పరాయి కణాలను చూసి రెచ్చిపోయి అప్పుడే విభజన మొదలుపెట్టిన టి కణాలను ఆ మందు ఎక్కువగా దెబ్బతీస్తుంది. మూలకణాలకు దానిని తట్టుకునే ఎంజైమ్ ఉంది కనుక అవి బతుకుతాయి.

అబ్బాయి విషయంలో ఒక చిక్కు ఉంది. వాడికీ నా మార్పు వచ్చి ఉండే అవకాశం సగం. దాతగా చూడాలంటే ఆ పరీక్ష చేయాలి. చేస్తే, తెలుసుకోవాలో వద్దో ఇంకా నిర్ణయించుకోని ముప్పై ఏళ్ల వాడికి ఆ సంగతి తెలిసిపోతుంది. అమ్మ ప్రాణం పేరు చెప్పి అడిగితే ఏ కొడుకు కాదంటాడు? అది నిజమైన సమ్మతి అవుతుందా? సలహాదారు ఒక ఉపాయం చెప్పింది. ముందు నా రక్తంలో ప్రతిదేహాల (యాంటీబాడీల) పరీక్ష చేద్దామంది. గర్భం దాల్చిన స్త్రీల శరీరం కొన్నిసార్లు బిడ్డకు తండ్రి నుంచి వచ్చిన హెచ్‌ఎల్‌ఏ గుర్తులకు వ్యతిరేకంగా ప్రతిదేహాలను తయారు చేసుకుంటుంది, అవి దశాబ్దాలు ఉండిపోవచ్చు. దాతకు వ్యతిరేకంగా బలమైన ప్రతిదేహాలుంటే కొత్త కణాలు నాటుకోకుండా పోయే ప్రమాదం ఎక్కువ. పరీక్షలో అలాగే తేలింది. వాడికి వాళ్ల నాన్న వైపు నుంచి వచ్చిన ఒక గుర్తు మీద నా ప్రతిదేహాలు బలంగా ఉన్నాయి. వాడి డీడీఎక్స్41ను ముట్టుకోకుండానే వాడు జాబితాలోంచి తప్పుకున్నాడు. నాకు ఎంత తేలికగా అనిపించిందో చెప్పలేను.

రిజిస్ట్రీల్లో ఇప్పుడు 4 కోట్ల మందికి పైగా దాతలున్నారు. కానీ ఆ కోట్లు అందరికీ సమానంగా పంచినవి కావు. హెచ్‌ఎల్‌ఏ రూపాలు పూర్వీకుల మూలాలను బట్టి మారతాయి, దాతలుగా నమోదైనవారిలో ఐరోపా మూలాలవారే ఎక్కువ. అమెరికా రిజిస్ట్రీ చెప్పే లెక్క ప్రకారం పూర్తి పొంతన ఉన్న దాత దొరికే అవకాశం శ్వేతజాతీయులకు 79 శాతం, నల్లజాతీయులకు 29 శాతం. మార్పిడి తరువాత ఎవరు బతుకుతారన్నది మందులతో మొదలవుతుందనుకుంటాం. నిజానికి దాత దొరకడం దగ్గరే సగం తేలిపోతుంది. నాకు అదృష్టవశాత్తు పదికి పది కలిసినవారు ముగ్గురు దొరికారు.

ముగ్గురూ పదికి పదే అయినప్పుడు ఎవరిని ఎంచుకోవాలి? ఇక్కడే నాకు ఈ విషయం మీద అసలైన ఆసక్తి పుట్టింది. పది అనే అంకె పూర్తి చిత్రం కాదు. హెచ్‌ఎల్‌ఏలోనే డీపీబీ1 అనే ఆరో జన్యువు ఉంది. దానికీ మిగతా గుంపుకూ మధ్య క్రోమోజోములు తరచుగా తెగి అతుక్కునే చోటు ఒకటి ఉండడం వల్ల, పదికి పది కలిసిన పరాయి దాతల్లో కూడా ఎక్కువమందికి అది కలవదు. కలవకపోయినా కొన్ని తేడాలను టి కణాలు పెద్దగా పట్టించుకోవు, కొన్నింటిని అసలు సహించవు. మొదటి రకాన్ని సహించదగిన తేడా అంటారు. రెండో రకం ఉంటే మరణాల రేటు పెరుగుతుందని పెద్ద అంతర్జాతీయ అధ్యయనాల్లో తేలింది. అదీ కాక హెచ్‌ఎల్‌ఏ మొత్తం కలిసినా ఇంకా వేల చోట్ల ఇద్దరు మనుషుల ప్రోటీన్లు వేరుగా ఉంటాయి. వాటిని చిన్న గుర్తులు అంటారు. స్త్రీ దాత నుంచి పురుషుడికి కణాలు ఇస్తే వై క్రోమోజోమ్ తయారు చేసే ప్రోటీన్లు ఆ కణాలకు పరాయివిగా కనిపించి, దాత కణాలు రోగి శరీరంపై దాడి చేసే జీవీహెచ్‌డీ జబ్బు ఎక్కువవుతుంది. తోబుట్టువుల మధ్య పూర్తి పొంతన ఉన్నా జీవీహెచ్‌డీ రావడానికి ఈ చిన్న గుర్తులే కారణం.

నా ముగ్గురిలో ఒకరు డీపీబీ1 కూడా కలిసిన స్త్రీ, వయసు యాభైకి దగ్గర. ఒకరి తేడా సహించలేనిది. మూడోవాడు ఇరవైల్లో ఉన్న కుర్రాడు, తేడా సహించదగినది. బృందం కుర్రాడిని ఎంచుకుంది. దాత వయసు పెరిగేకొద్దీ రోగి బతికే అవకాశం తగ్గుతుందన్నది ఈ రంగంలో మళ్లీ మళ్లీ రుజువైన సంగతి. జన్యువుల గురించి ఇంత చదివాక చివరికి నిర్ణయం పుట్టినతేదీ చూసి చేయడం నాకు కొంత నవ్వు తెప్పించింది.

ఎంతమంది బతుకుతారని డాక్టరును సూటిగా అడిగాను. ఆయన ఒక గ్రాఫు చూపించారు. ఎడమ వైపు పైన వంద శాతం దగ్గర మొదలై మెట్లు మెట్లుగా కిందికి దిగే గీతలు. ఆ గీతలు గీసే పద్ధతిని కాప్లాన్, మేయర్ అనే ఇద్దరు గణాంకవేత్తలు 1958లో ప్రచురించారు. మొదటి హెచ్‌ఎల్‌ఏ గుర్తును ఫ్రాన్సులో జాన్ దోసే వర్ణించింది కూడా 1958లోనే. అంతకు ఏడాది ముందు డొనాల్ థామస్ మనుషుల్లో మజ్జ ఎక్కించి చూశారు. ఆ తొలి రోగులెవరూ నిలవలేదు. దోసేకు 1980లో, థామస్‌కు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. లెక్కల మనిషిని కాబట్టి ఈ తారీఖులు నాకు ముచ్చట గొలిపాయి, ఆ పూట నాకు ముచ్చట పడేందుకు మరేమీ లేదు కూడా.

గీతల్లో ఒక జత 2007లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలోది. 1988 నుంచి 2003 వరకు పరాయి దాతలతో జరిగిన మార్పిడులను అందులో చూశారు. అప్పటి లెక్కలో డీక్యూబీ1 లేదు, మిగతా నాలుగు జన్యువుల ఎనిమిది ప్రతులే; ఎనిమిదికి ఎనిమిది కలిసినవారిలో ఏడాది తరువాత 52 శాతం మంది, ఏడే కలిసినవారిలో 43 శాతం మంది బతికి ఉన్నారు. ఒక్క ప్రతి తేడాకు తొమ్మిది శాతం. ఆ అంకెలు పాత కాలానివని, ఇప్పటి మందులతో రెండు గీతలూ పైకి వెళ్లాయని డాక్టరు అన్నారు. అయినా నాకు తట్టింది వేరు. ఆ గీత వందలమంది గురించి నిజం చెబుతుంది. ఆ వందల్లో నేను ఏ మెట్టు దగ్గర నిలుస్తానో చెప్పదు. తరగతి సగటు 52 మార్కులయితే మొదటి బెంచీలో కూర్చున్న పిల్లకు ఎన్ని వస్తాయో ఏ ఉపాధ్యాయురాలూ చెప్పలేదు.

ఆసుపత్రిలో చేరే ముందు ఇంకో గొట్టం రక్తం తీసుకున్నారు. ఇది మందుల జన్యువుల కోసం. ఈ పరీక్ష మార్పిడికి ముందే చేయాలని నర్సు గట్టిగా చెప్పింది, కారణం విన్నాక నిజమేననిపించింది. టాక్రోలిమస్ అనే మందును విరగగొట్టే ఎంజైములు ఉండేది కాలేయంలో, పేగుల్లో. అవి మార్పిడి తరువాత కూడా నావే. రక్తం మాత్రం దాతది అవుతుంది. అప్పుడు రక్తం తీసి జన్యువు చదివితే కుర్రాడి కాలేయం గురించి తెలుస్తుంది, నా కాలేయం గురించి తెలియదు. నాలో సీవైపీ3ఏ5 ఎంజైమ్ చురుకుగా ఉందని తేలింది. ఇలాంటివాళ్లు టాక్రోలిమస్‌ను తొందరగా ఖర్చు చేసేస్తారు, మామూలు మోతాదుతో మొదలుపెడితే రక్తంలో చాలినంత ఉండదు. జీవీహెచ్‌డీని ఆపాల్సిన తొలి వారాల్లోనే అది చాలకపోతే ప్రమాదం. సీవైపీ2సీ19 కూడా వేగవంతమైన రకమే. కాబట్టి ఫంగస్ రాకుండా ఇచ్చే వోరికొనజోల్ నాకు సరిగా పనిచేయకపోవచ్చని పోసకొనజోల్ ఎంచుకున్నారు. ఇక్కడ ఇంకో మెలిక. పోసకొనజోల్ వేసుకుంటే టాక్రోలిమస్ శరీరంలోంచి పోవడం బాగా తగ్గుతుంది, దాంతో మోతాదును మూడో వంతుకు కుదించాలి. ఒక జన్యువు పెంచమంటుంది, ఒక మందు తగ్గించమంటుంది. చివరికి రెండు మూడు రోజులకోసారి రక్తంలో మందు స్థాయి కొలిచి సరిచేశారు. జన్యు పరీక్ష చెప్పింది మొదటి మోతాదు గురించి మాత్రమే. కానీ మొదటి వారంలో మోతాదు సరిగా ఉండడం చిన్న విషయం కాదు.

అదే రోజు ఒక పరిశోధనకు నమూనా ఇస్తారా అని అడిగారు. రోగి, దాత ఇద్దరి జన్యువుల్లోని తేడాలు మార్పిడి తరువాత బతుకును ఎలా ప్రభావితం చేస్తాయో చూడడం దాని ఉద్దేశం. సంతకం పెట్టే ముందు సమన్వయకర్తను చాలా ప్రశ్నలు వేశాను. ఆయన ఓపికగా చెప్పిన దానిలో నాకు నచ్చింది, ఓటమిని దాచకపోవడం. 2000ల్లో ఎన్నో చిన్న అధ్యయనాలు ఇంటర్‌ల్యూకిన్10, టీఎన్‌ఎఫ్, ఎన్‌ఓడీ2 వంటి జన్యువుల్లో ఫలానా రూపం ఉంటే రోగులు ఎక్కువగా చనిపోతారని, ఫలానాది ఉంటే తక్కువని ప్రకటించాయి. 2017లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం, పరాయి దాతలతో మార్పిడి జరిగిన వేలమందిలో ఆ పాత ఫలితాలను మళ్లీ పరీక్షించింది. ఆ సంబంధాలు నిలబడలేదు.

ఎందుకని అడిగితే ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి నా పాఠమే. ఒక్కో పరీక్షలో ఐదు శాతం తప్పుడు గెలుపును ఒప్పుకుని, జన్యురాశిలో పది లక్షల చోట్ల వెతికితే ఏ సంబంధమూ లేకుండానే 50 వేల చోట్ల ఏదో ఉన్నట్టు కనబడుతుంది. అందుకే ఇప్పుడు మొత్తం జన్యురాశిని వెతికేవారు 2 కోట్లలో ఒకటి కంటే తక్కువ యాదృచ్ఛికత ఉంటేనే ఫలితాన్ని నమ్ముతారు. రెండో కారణం మార్పిడికే ప్రత్యేకమైనది. బతకడం అనేది ఒక్క విషయం కాదు. చావు జీవీహెచ్‌డీ వల్ల రావచ్చు, ఇన్ఫెక్షన్ వల్ల, మందుల విషం వల్ల, పాత రోగం తిరగబెట్టడం వల్ల రావచ్చు. దాత రోగనిరోధక కణాలను చురుకు చేసే ఒక జన్యురూపం జీవీహెచ్‌డీని పెంచుతుంది, అదే చురుకు మిగిలిన ల్యుకేమియా కణాలను వేటాడి రోగం తిరగబెట్టకుండా కాపాడుతుంది. రెండూ కూడితే మొత్తం బతుకు గీత కదలదు. దాన్ని చూసి ఆ జన్యువుకు ప్రభావం లేదంటే పొరపాటు, ప్రాణం కాపాడుతుందన్నా పొరపాటే. పైగా చదవాల్సింది ఒక మనిషి జన్యువులు కాదు, ఒకే శరీరంలో కాపురం చేస్తున్న ఇద్దరివి. సంతకం పెట్టాను. నా ఫలితాలు నాకు తెలియజేయరని ముందే చెప్పారు, దానికీ ఒప్పుకున్నాను.

మార్పిడి రోజు గురించి జనం ఏదో ఊహించుకుంటారు. రక్తం ఎక్కించినట్టే ఒక సంచి వేలాడుతుంది, గంటలో ఖాళీ అవుతుంది. దానికి ముందు ఫ్లూడరాబిన్, మెల్ఫలాన్ అనే కీమోథెరపీ మందులు. మూడో, నాలుగో రోజుల్లో సైక్లోఫాస్ఫమైడ్. డీడీఎక్స్41 వంశపారంపర్యంగా ఉన్నవారిలో జీవీహెచ్‌డీ తీవ్రంగా రావడం, ఈ మందు ఇచ్చినచోట అది తగ్గడం కొన్ని కేంద్రాల్లో కనిపించిందని, పదికి పది దాత అయినా నాకు ఆ పద్ధతే ఎంచుకున్నారు. నోరంతా పుండ్లు పడి మంచినీళ్లు మింగడం కూడా గండమైన రోజులు నడిచాయి. మూడో వారంలో తెల్లకణాలు తలెత్తాయి. ఇంకొన్ని వారాలకు ఛాతీ మీద, అరచేతుల్లో ఎర్రటి దద్దుర్లు వచ్చాయి. జీవీహెచ్‌డీయే. స్టెరాయిడ్లతో అణిగింది, కానీ ఆ మాత్రలు మానడానికి నెలలు పట్టింది. ఆ నెలల్లో నా కోపానికి మావారు బాగా బలయ్యారు.

కొత్త కణాలు ఎవరివో తేల్చే పరీక్షను కైమెరిజం పరీక్ష అంటారు. డీఎన్‌ఏలో మనిషి మనిషికీ పొడవు మారే చిన్న పునరావృత భాగాలను కొలిచి, నావి ఎంత, దాతవి ఎంత అని శాతాల్లో చెబుతారు. నా విషయంలో అంతకంటే తేలిక దారి కూడా ఉంది. దాత పురుషుడు కనుక వై క్రోమోజోమ్ ఉన్న కణాలను లెక్కిస్తే చాలు. మూడో నెలకు నా రక్తం పూర్తిగా దాతదే. నా రక్తం గ్రూపు ఎ నుంచి ఓకు మారింది. మజ్జలో డీడీఎక్స్41 మార్పులు రెండూ కనబడలేదు. చర్మంలో, కాలేయంలో, మిగతా ఒళ్లంతా అది అలాగే ఉంటుంది. రక్తం మాత్రం ఆ వారసత్వం నుంచి బయటపడింది. ఏదైనా జన్యు పరీక్ష చేయాల్సివస్తే రక్తం వాడవద్దని రాసిన కార్డు ఒకటి ఇప్పుడు నా సంచిలో ఉంటుంది. ఒకసారి కొత్త ప్రయోగశాలలో అది చూపిస్తే, అక్కడి కుర్రాడు నన్నూ కార్డునూ మార్చి మార్చి చూశాడు.

నాలాగే మార్పిడికి సిద్ధమవుతున్నవారు కొందరు ఫోను చేస్తుంటారు. బతుకుతామో లేదో చెప్పే జన్యు పరీక్ష ఏదయినా ఉందా అని అడుగుతారు. అలాంటిది లేదని చెబుతాను. కానీ నివేదికలో ఏ మార్పయినా సగానికి దగ్గరగా కనబడితే అది పుట్టుకతో వచ్చిందేమో అడగమని, తోబుట్టువులు కలిస్తే అదే మార్పు కోసం వాళ్లకూ చూశారా అని అడగమని, పరాయి దాత అయితే డీపీబీ1 సంగతి, దాత వయసు కనుక్కోమని, మందుల జన్యువుల పరీక్ష ఉంటే మార్పిడికి ముందే చేయించమని చెబుతాను. మార్పిడి తరువాత ఒంటి మీద దద్దుర్లు, దురద మొదలైన రోజే ఆసుపత్రికి చెప్పమని కూడా. వాళ్లకు పనికొచ్చేవి ఇవి.

తమ్ముడు ఇప్పుడు క్రమం తప్పకుండా రక్తపరీక్ష చేయించుకుంటున్నాడు. ఈ మార్పు ఉన్నవారందరికీ ల్యుకేమియా రాదు, చాలామంది దాని జోలికి పోకుండానే ముసలివాళ్లవుతారు. కానీ కణాల సంఖ్య మెల్లగా తగ్గడం మొదలైతే ముందే తెలుసుకోవడం మంచిది. అతడికి ఇద్దరు కూతుళ్లు. ఒక్కొక్కరికీ సగం అవకాశం. పెద్దది పరీక్ష చేయించుకుంది, లేదని తేలింది. చిన్నది పెళ్లయ్యాక చూస్తానంటోంది. మా అబ్బాయి ఇంకా ఏమీ నిర్ణయించుకోలేదు. నేను అడగడం మానేశాను. చెల్లికి లేదు కనుక ఆమె పిల్లలకు ఆ దిగులే లేదు.

సలహాదారు బంధువులకు ఇవ్వడానికని ఒక ఉత్తరం రాసిచ్చింది. జన్యువు పేరు, మార్పు ఉన్న చోటు, ఎవరిని సంప్రదించాలో అందులో ఉంటాయి. అమ్మా నాన్నా ఇద్దరూ పోయారు, ఎవరి వైపు నుంచి వచ్చిందో తెలియదు, అందుకని రెండు వైపులవారికీ పంపాను. చాలామంది జవాబివ్వలేదు. పెద్దమ్మ (అమ్మ వాళ్ల అక్క) కొడుకు మాత్రం ఆ కాగితం తీసుకుని హెమటాలజిస్టు దగ్గరికి వెళ్లాడు. ఆయనకు ఏళ్ల తరబడి ప్లేట్‌లెట్లు, తెల్లకణాలు కొంచెం తక్కువగానే ఉంటున్నాయి, బలహీనత అని టానిక్కులతో సరిపెట్టేవారు. ఆయనకూ అదే మార్పు ఉన్నట్టు తేలింది. నాన్న వైపువారికి ఫోను చేసి, ఇది అమ్మ వైపుది, ఇక మీరెవరూ పరీక్షకు వెళ్లనక్కర్లేదని చెప్పాను.